ఖరీదైన బాస్ గిటార్ కొనేముందు: ఏ లోపం తిప్పితే పోతుంది, ఏది పోదు

పెద్ద మొత్తం పెట్టి బాస్ కొనేటప్పుడు చాలామంది చూసేది రెండే, సౌండ్ ఎలా ఉంది, పైన చెక్క ఎలా మెరుస్తోంది. రెండూ చూడాల్సినవే, కాదనను, కానీ ఆ బాస్‌ని ఎంత శ్రద్ధగా తయారు చేశారో వాటి వల్ల తెలీదు. షాపులో గోడకి నెలల తరబడి వేలాడిన మంచి బాస్ సెటప్ చెడిపోయి ఎక్కడ నొక్కినా బజ్ (తీగ ఫ్రెట్లకి తగిలే గరగర) రావచ్చు, దాని పక్కనే ఉన్న ఓ మాదిరి బాస్‌ని చేయి తిరిగిన టెక్నీషియన్ నిన్ననే సెట్ చేసి ఉంటే అది చేతిలో ఇట్టే ఒదిగిపోవచ్చు. సెటప్ అంటే అలెన్ కీ, స్క్రూడ్రైవర్ పట్టుకుని గంటలో మార్చేసేది. తయారీ అంటే చెక్కలో, జిగురులో, నెక్ (పొడవాటి మెడ) మీద అడ్డంగా బిగించిన లోహపు ఫ్రెట్లలో ఉండిపోయేది, దాన్ని ఏ కీ పెట్టి తిప్పినా లాభం లేదు. మీరు అదనంగా కట్టే డబ్బంతా ఆ రెండోదానికే కాబట్టి ఏ లోపం కనపడినా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే, ఇది తిప్పితే పోతుందా, పోదా.

ఆంప్ (యాంప్లిఫయర్) జోలికి ఇప్పుడే పోకండి. ముందు ట్యూనర్ పెట్టి సరిగ్గా స్టాండర్డ్ ట్యూనింగ్‌కి (లావు తీగ నుంచి సన్న తీగకి ఇ, ఎ, డి, జి) తెచ్చుకోండి, ఎందుకంటే మామూలు గేజ్ (మందం) స్ట్రింగ్స్ వేసిన నాలుగు తీగల బాస్‌లో మొత్తం లాగుడు 70 నుంచి 80 కిలోల దాకా ఉంటుంది, ఆ లాగుడు మీద నెక్ ఎలా నిలబడిందో చూడాలి గానీ తీగలు వదులుగా ఉన్నప్పుడు చూస్తే ఏం తెలుస్తుంది.

ఇప్పుడు బాస్ అడుగు భాగాన్ని మెత్తటిదేదైనా వేసి నేల మీద ఆనించి, హెడ్‌స్టాక్‌ని (ట్యూనింగ్ కీలు ఉండే తల భాగం) కంటి దగ్గరికి తెచ్చుకుని, ఒక కన్ను మూసి ఫ్రెట్‌బోర్డ్ (ఫ్రెట్లు కూర్చున్న పలక) అంచు వెంబడి బ్రిడ్జ్ (బాడీ మీద తీగల చివర్లు పట్టి ఉంచే భాగం) వైపు చూడండి. ముందు లావు స్ట్రింగ్ వైపు అంచు, తర్వాత సన్న స్ట్రింగ్ వైపు అంచు. రెండు వైపులా ఒకే రకమైన చిన్న వంపు, అంటే మధ్యలో కొంచెం లోపలికి వెళ్లినట్టు కనపడితే ఏ ఇబ్బందీ లేదు. ఒక వైపు వంపు ఉండి రెండో వైపు తిన్నగా ఉంటే, లేదా మొదటి ఫ్రెట్టు గీతా చివరి ఫ్రెట్టు గీతా ఒకదానికొకటి సమాంతరంగా లేకుండా ఓ పక్కకి వాలినట్టు ఉంటే నెక్ మెలి తిరిగిందని అర్థం. నెక్ లోపల ఉండే మామూలు ట్రస్ రాడ్ (వంపు సర్దే లోహపు కడ్డీ) నెక్‌ని ముందుకీ వెనక్కీ మాత్రమే కదిలిస్తుంది, మెలి తీయలేదు. నెక్‌ని స్క్రూలతో బాడీకి బిగించిన బోల్ట్-ఆన్ అయితే కనీసం నెక్ మార్చుకోవచ్చు, బాడీ చివరిదాకా ఒకే ముక్కగా వెళ్లే నెక్-త్రూ అయితే ఆ దారి కూడా లేదు, ఇక ఆ బాస్ ఎంత అందంగా ఉన్నా మర్యాదగా స్టాండ్ మీద పెట్టేసి వచ్చేయండి.

ఆ మధ్యలో ఉండే వంపునే రిలీఫ్ అంటారు, దాన్ని కొలవడానికి స్కేలు కూడా అక్కర్లేదు. లావు స్ట్రింగ్‌ని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, బాడీతో నెక్ కలిసే చోట రెండో చేత్తో నొక్కి పట్టుకుంటే ఆ తీగే మీకు తిన్నటి స్కేలు అవుతుంది, అప్పుడు ఏడో ఫ్రెట్టో ఎనిమిదో ఫ్రెట్టో దగ్గర తీగకీ ఫ్రెట్టుకీ మధ్య సందు చూడండి, 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్ల దాకా ఉంటే చాలు. సందు ఎక్కువ ఉన్నా అస్సలు లేకపోయినా కంగారు పడకండి, అది తిప్పితే పోయే రకం. కాకపోతే నిజంగా తిరుగుతుందా లేదా అన్నది మాత్రం తేల్చుకోవాలి. అమ్మేవాళ్లని అడిగి, వాళ్ల చేతే ట్రస్ రాడ్‌ని పావు వంతు తిప్పించండి. సాఫీగా తిరిగి, తీగల లాగుడు మారినట్టు ట్యూనింగ్ కొంచెం కదిలితే రాడ్ పని చేస్తోంది. రాడ్ చివరి నట్టు అంచులు అరిగిపోయి కీ జారిపోతున్నా, ఇప్పటికే చివరిదాకా బిగించేసి ఉన్నా అది ఖరీదైన బాస్ కాదు, ఖరీదైన రిపేరు. పాత రకం సింగిల్ యాక్షన్ రాడ్ అయితే ఇంకోటి కూడా చూడాలి, అది నెక్‌ని వెనక్కి మాత్రమే లాగగలదు, కాబట్టి రాడ్ పూర్తిగా వదులు చేసినా నెక్ వెనక్కే వంగి ఉంటే లావు తీగలు వేసుకోవడం తప్ప చేసేదేం ఉండదు. డ్యూయల్ యాక్షన్ అయితే రెండు వైపులా పని చేస్తుంది, కొత్త ఖరీదైన వాటిలో ఎక్కువగా అదే ఉంటుంది.

ఇక ఫ్రెట్లు. నన్నడిగితే మొత్తం బాస్‌లో పనితనం అసలు బయటపడేది ఇక్కడే, ఒక్కటే చూసే టైమ్ ఉంటే ఫ్రెట్లు చూడమంటాను. మొదట నెక్ అంచు వెంబడి అరచేతిని పైకీ కిందకీ మెల్లగా రాయండి, రెండు వైపులా. ఫ్రెట్ల చివర్లు రంపం పళ్లలా తగులుతుంటే రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, ఫ్యాక్టరీలో చివర్లు గుండ్రంగా అరగదీయలేదు. రెండోది, గాలిలో తేమ తగ్గి చెక్క కుంచించుకుపోయింది, లోహం కుంచించుకోలేదు కాబట్టి చివర్లు బయటికి పొడుచుకొచ్చాయి. రెండోది మంచి బాస్‌కీ వస్తుంది, ఆకురాయి పట్టి సరి చేయొచ్చు. తేడా ఎలా తెలుస్తుందంటే ఒక్కో ఫ్రెట్టు చివర దగ్గరగా చూడండి, గుండ్రంగా మలిచిన ఆకారం ఉండి మొత్తంగా ఓ వెంట్రుకవాసి బయటికి వచ్చినట్టుంటే అది వాతావరణం పని, అంచు కోసిన చోట కోసినట్టే పదునుగా ఉంటే అది బద్ధకం. ఆ బద్ధకానికి అంత రేటు కట్టాల్సిన పని లేదు.

తర్వాత ప్రతి ఫ్రెట్టూ చెక్కలో పూర్తిగా కూర్చుందా లేదా చూడాలి. పక్క నుంచి వెలుతురు పడేలా పట్టుకుని ఫ్రెట్టు కిందా ఫ్రెట్‌బోర్డ్ పైనా మధ్య చూడండి, సందులోంచి వెలుగు కనపడకూడదు. అనుమానం ఉన్న చోట ఫ్రెట్టు చివర వేలితో గట్టిగా నొక్కితే కదిలినట్టు అనిపించకూడదు. ఫ్రెట్ రాకర్ అని ఒక చిన్న లోహపు ముక్క దొరుకుతుంది, తిన్నటి అంచులు ఉంటాయి, దాన్ని ఒకేసారి మూడు ఫ్రెట్ల మీద ఆనేలా పెట్టి అటూ ఇటూ ఊపితే మధ్య ఫ్రెట్టు ఎత్తుగా ఉన్న చోట టక్ టక్‌మని ఊగుతుంది, లేకపోతే కదలదు. జేబులో పట్టేస్తుంది, కొనుక్కోండి. మంచి పనితనం ఉన్న నెక్ మీద ఇది ఒక చివర నుంచి రెండో చివరిదాకా ఎక్కడా ఊగకుండా వెళ్లిపోవాలి.

చివరి నాలుగైదు ఫ్రెట్ల దగ్గర ఆగి చూడండి, బోల్ట్-ఆన్ బాస్‌లలో నెక్ బాడీ మీద కూర్చున్న చోట ఫ్రెట్‌బోర్డ్ పైకి లేచి ఉండటం తరచూ కనపడుతుంది, దానికి స్కీ జంప్ అని పేరు కూడా పెట్టారు. అది ఉంటే పైన ఎక్కడో వాయించిన నోటు ఈ చివరి ఫ్రెట్లకి తగిలి గరగరలాడుతుంది, యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) ఎంత పైకి లేపినా పూర్తిగా పోదు. ఆ ఫ్రెట్లు అరగదీయాలి, మరీ ఎక్కువైతే ఫ్రెట్లు పీకి బోర్డ్‌నే చదును చేయాలి.

పరికరం లేకుండా చేసే పరీక్ష ఇంకోటుంది, నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది, అమ్మేవాళ్లు ఒప్పుకుంటేనే చేయండి. రిలీఫ్ సరి చేశాక శాడిళ్లు (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే ముక్కలు) కొంచెం కొంచెంగా దించుతూ యాక్షన్ తగ్గించుకుంటూ పోండి, పన్నెండో ఫ్రెట్ దగ్గర జి స్ట్రింగ్ కింద 1.5 మిల్లీమీటర్లు, ఇ స్ట్రింగ్ కింద 2 మిల్లీమీటర్ల దగ్గరికి. ఇప్పుడు ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్టూ వరసగా, ఒకే బలంతో, నిదానంగా వాయించండి. బజ్ వస్తే రానివ్వండి, అది అంతటా ఒకేలా వస్తోందా అన్నదే ముఖ్యం. అంతటా సమానంగా కొంచెం గరగరలాడితే ఫ్రెట్లు సమంగా ఉన్నాయి, శాడిల్ ఓ పిసరు లేపితే మాయమైపోతుంది. అంతా శుభ్రంగా ఉండి ఒక్క ఫ్రెట్ దగ్గరే నోటు గొంతు నొక్కేసినట్టు ఆగిపోతే అక్కడే లోపం ఉంది.

ఇలా వాయించేటప్పుడే ఇంకో సంగతి తగులుతుంది, డెడ్ స్పాట్. ముఖ్యంగా ఫెండర్ కంపెనీ తరహా బోల్ట్-ఆన్ బాస్‌లలో జి స్ట్రింగ్ మీద అయిదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఎక్కడో ఓ నోటు మిగతావాటి కంటే చాలా త్వరగా చచ్చిపోతుంది. నెక్‌కి కూడా తనదంటూ ఒక కంపనం ఉంటుంది, తీగ కంపనం సరిగ్గా దానితో కలిస్తే శక్తంతా నెక్ లాగేసుకుంటుంది, నోటు నిలవదు. ఇది ఎంత ఖరీదైన బాస్‌లోనైనా ఉండొచ్చు, ఒకే మోడల్‌లో ఒక పీస్‌కి ఎక్కువ, ఇంకో పీస్‌కి తక్కువ, కాబట్టి దీన్ని తయారీ తప్పు అని గట్టిగా అనలేం. కానీ తిప్పితే పోయేదీ కాదు. హెడ్‌స్టాక్‌కి బరువైన క్లాంప్ తగిలిస్తే ఆ చోటు అటో ఇటో జరుగుతుంది అంతే. నెక్‌లో గ్రాఫైట్ రాడ్లు పెట్టేది కొంత ఇందుకే. అందుకని ఒకే మోడల్ రెండు మూడు పీసులు దొరికితే అన్నీ వాయించి చూడండి, స్పెసిఫికేషన్ షీట్‌లో ఈ సంగతి ఎక్కడా రాసి ఉండదు.

నెక్ బాడీతో కలిసే చోట చూసేటప్పుడు జనం ఆ పక్క సందులోకి విజిటింగ్ కార్డు దూర్చి దూరితే చెత్త అంటుంటారు. బిగుతుగా ఉంటే మంచిదే, శ్రద్ధకి గుర్తే, కానీ అడుగున చెక్కకి చెక్క ఆనడం దానికంటే ముఖ్యం. ఒక చేత్తో బాడీ పట్టుకుని రెండో చేత్తో హెడ్‌స్టాక్‌ని మెల్లగా పక్కకి నెట్టి చూడండి, టిక్‌మన్నా, చివరి ఫ్రెట్ దగ్గర తీగలు ఓ పక్కకి జరిగి అక్కడే ఉండిపోయినా జాయింటు వదులు. 1970ల మధ్య నుంచి వచ్చిన మూడు బోల్టుల ఫెండర్ జాజ్ బాస్ మోడల్‌లలో కొన్నిటికి ఈ చెడ్డపేరు బాగా ఉంది, వింటేజ్ మోజులో ఉన్నవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి. నెక్ పాకెట్ మూలల్లో సన్నగా వెంట్రుక లాంటి గీతలు కనపడితే గోరు పెట్టి లాగండి. చాలాసార్లు మందపాటి పాలీ ఫినిష్ (పైపూత) మాత్రమే చిట్లి ఉంటుంది, దానికి భయం లేదు. గీత వెనక వైపుకి కూడా తిరిగి వచ్చినా, గోరు ఆగినా చెక్కే చీలింది. హెడ్‌స్టాక్ వెనక్కి వాలిన బాస్‌లలో నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు కూర్చునే గాళ్ల ముక్క) వెనక నెక్ సన్నబడే చోట కూడా ఇలాగే చూడండి, కింద పడినప్పుడు ముందు విరిగేది అదే.

తర్వాత ఎదురుగా పెట్టుకుని తీగలు ఫ్రెట్‌బోర్డ్ మీద మధ్యలో వెళ్తున్నాయా చూడండి. చివరి ఫ్రెట్ దగ్గర ఇ స్ట్రింగ్ తన అంచుకి ఎంత దూరమో జి స్ట్రింగ్ కూడా తన అంచుకి దాదాపు అంతే దూరం ఉండాలి. బోల్ట్-ఆన్‌లో తేడా ఉంటే స్క్రూలు కాస్త వదులు చేసి నెక్ సర్దితే సరిపోవచ్చు. నెక్-త్రూలో అయితే బ్రిడ్జే తప్పు చోట బిగించారు. టేపు ఉంటే ఇంకోటి, 34 అంగుళాల స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా లెక్కకట్టే తీగ పొడవు) బాస్‌లో నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కి సరిగ్గా 17 అంగుళాలు, అక్కడి నుంచి జి శాడిల్‌కి 17 కంటే ఓ పిసరు ఎక్కువ, లావు తీగలకి వచ్చేకొద్దీ ఇంకాస్త వెనక్కి. ఇంటొనేషన్ (పై ఫ్రెట్లలో కూడా స్వరం సరిగ్గా పలికేలా శాడిళ్లు ముందుకీ వెనక్కీ జరపడం) సరి చేశాక ఏ శాడిలైనా స్క్రూ చివరికి వెళ్లి ఇక జరగనంటుంటే బ్రిడ్జ్ జాగా తప్పింది. అలాగే శాడిళ్లు పూర్తిగా అడుక్కి దించేసినా యాక్షన్ ఇంకా ఎత్తుగానే ఉంటే నెక్ కోణం తప్పు, బోల్ట్-ఆన్‌లో నెక్ కింద ఒక సన్న షిమ్ (పలచటి ముక్క) పెట్టి నెట్టుకురావచ్చు, నెక్-త్రూలో కుదరదు. నెక్-త్రూ అంటే హై క్లాస్ అనే మాట ఎక్కువగా వినపడుతుంది గానీ అది మంచిగా చేస్తేనే, తప్పుగా చేస్తే దిద్దుకునే దారి ఉండదు.

నట్ గురించి ఎక్కువ చెప్పను, ప్రతి తీగనీ మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి, కంటికి కనపడీ కనపడనంత ఉండాలి, చాలా ఎత్తుగా ఉంటే ఫైల్ చేయించుకోవచ్చు, తీగ ఆనేస్తుంటే కొత్త నట్ వేయించాలి, పెద్ద ఖర్చు కాదు. ట్యూనింగ్ కీలు తిప్పినప్పుడు కొంత దూరం ఖాళీగా తిరిగి తర్వాత పట్టుకుంటున్నాయంటే గేర్లలో ఆట ఉంది, ఇదీ మార్చుకోగలిగిందే, కానీ ఈ రేంజ్‌లో మీరెందుకు మార్చుకోవాలి.

కావిటీ (బాడీలో వైర్లు ఉండే గుంట) మూత తీయించండి, అడగడానికి మొహమాటపడొద్దు. కొనేవాళ్లు ఎవరూ తెరిచి చూపించమని అడగరనుకునే చోటే తయారీదారుడు ఎలా పని చేశాడో తెలుస్తుంది. మూత స్క్రూలు నేరుగా చెక్కలోకి వెళ్తున్నాయా, లోహపు ఇన్సర్టుల్లోకా చూడండి, ఇన్సర్టులు ఉంటే ఎన్నిసార్లు తీసినా మర పాడవదు. లోపల రాగి రేకు గానీ నల్లటి కండక్టివ్ పెయింట్ గానీ గోడలకీ మూత వెనకా కూడా ఉండాలి, మూతకి వేయకుండా వదిలేస్తే సగం పనే. వైర్లు సరిపడా పొడవుతో ఒక పద్ధతిలో కట్టి ఉన్నాయా, ముద్దగా కుక్కి మూత నొక్కేశారా. సోల్డరింగ్ నున్నగా, వైరు చుట్టూ జారినట్టు పరుచుకుని ఉండాలి, బొడిపెలా గుండ్రంగా పైన నిలబడిపోయి వైరు పక్కన గీత కనపడితే అది ఎప్పుడో ఒక రోజు స్టేజ్ మీదే ఊడుతుంది. మెరుపు లేదని మాత్రం తప్పు పట్టకండి, సీసం లేని సోల్డర్ సహజంగానే మసకగా ఉంటుంది. రంపపు పొట్టు మిగిలి ఉందంటే చేసినవాళ్లు మూత వేసే ముందు ఒకసారి కూడా చూడలేదన్నమాట.

ఇప్పుడు ఆంప్‌కి పెట్టొచ్చు. ఒక్కో నాబ్‌నీ చివర నుంచి చివరికి తిప్పుతూ కరకర వస్తుందా వినండి, జాక్ దగ్గర కేబుల్‌ని కొంచెం కదిపి చూడండి. తీగల మీద చేయి పెడితే హమ్ (ఆంప్‌లోంచి వచ్చే సన్నటి మోత) తగ్గడం మామూలే, గ్రౌండ్ బాగుందని అర్థం. చేయి పెడితే హమ్ పెరిగితేనే గ్రౌండింగ్ ఎక్కడో తప్పింది. చేయి పెట్టినా తీసినా ఏ తేడా లేకపోతే ఇఎంజి కంపెనీవి లాంటి, బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లేమో (పికప్ అంటే తీగ కంపనాన్ని సిగ్నల్‌గా మార్చేది) చూసుకోండి, వాటికి తీగల గ్రౌండ్ అవసరం ఉండదు. జాజ్ బాస్‌లో ఒక్క పికప్పే పెట్టినప్పుడు హమ్ వస్తే అది లోపం కాదు, సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ లక్షణం, రెండూ ఫుల్ పెడితే తగ్గిపోతుంది. అయిదు తీగల బాస్ అయితే బి స్ట్రింగ్ మీద ఎక్కువసేపు ఉండండి, అయిదో ఫ్రెట్‌లో వాయించిన ఇ నోటూ పక్కన ఖాళీ ఇ స్ట్రింగూ ఒకే బాస్‌లోంచి వచ్చినట్టు ఉండాలి, బి మాత్రం బురదగా, స్వరం తేలకుండా ఉంటే ముందు పాత తీగలేమో కనుక్కోండి, కొత్త తీగలతో కూడా అంతే ఉంటే ఆ బాస్ మీకొద్దు. 35 అంగుళాల స్కేల్ పెట్టేది బి బిగువు కోసమే, అలాగని 34లో మంచి బి రాదని కాదు.

స్ట్రాప్ వేసుకుని రెండు చేతులూ వదిలేయండి. హెడ్‌స్టాక్ నేల వైపు దిగిపోతుంటే జీవితాంతం ఎడమ చేత్తో దాన్ని మోయాల్సిందే, తేలికైన ట్యూనర్లు వేస్తే కొంత తగ్గుతుంది. బరువు 4 కిలోల లోపు ఉంటే హాయి, 4.5 దాటితే రెండు గంటల షో తర్వాత భుజం చెప్తుంది. బరువుంటేనే సస్టెయిన్ (నోటు ఎక్కువసేపు నిలవడం) అనే మాట పట్టుకుని వెన్ను నొప్పి కొనుక్కోకండి.

పైన ఆ మంటల్లాంటి మేపుల్ డిజైన్ సంగతి, అది అందం, అంతవరకే. చాలాసార్లు అది పైన అతికించిన పలచటి పొర, దాని కింద ఏ చెక్క ఉందో అడగండి. దాని బదులు నెక్ చెక్క గీతలు చూడండి, పొడవునా తిన్నగా సాగుతూ పక్కకి పారిపోకుండా ఉంటే ఆ నెక్ ఎక్కువ కాలం నిలకడగా ఉండే అవకాశం ఎక్కువ. ముక్కలు అతికించి చేసిన నెక్ అయితే అతుకు మీద గోరు లాగితే మెట్టు తగలకూడదు. పాత బాస్‌ని వేరే దేశం నుంచి తెప్పించుకుంటుంటే ఫ్రెట్‌బోర్డ్ బ్రెజిలియన్ రోజ్‌వుడ్డా అని ముందే కనుక్కోండి, 1992 నుంచి అది సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారం మీద అంతర్జాతీయ) ఒప్పందంలో అన్నిటికంటే కఠినమైన జాబితాలో ఉంది, కాగితాలు లేకపోతే సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. మిగతా రోజ్‌వుడ్ రకాలకి 2017లో వచ్చిన కట్టుబాటుని పూర్తయిన వాయిద్యాల వరకు 2019లో సడలించారు.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు పైన చెప్పినవాటికి ఫొటోలు అడగాలి, హెడ్‌స్టాక్ నుంచి నెక్ వెంబడి తీసినది, నెక్ పాకెట్ రెండు వైపులా, శాడిళ్ల ఎత్తు పక్క నుంచి, కావిటీ తెరిచి, ట్రస్ రాడ్ నట్టు దగ్గరగా. పంపనంటే ఎందుకో మీరే ఆలోచించుకోండి. పార్సిల్ రాగానే కేస్ తెరవొద్దు, బయట చల్లగా ఉండి ఇంట్లో వెచ్చగా ఉంటే నైట్రో ఫినిష్ (నైట్రోసెల్యులోజ్ పైపూత) పగిలిపోవచ్చు, కొన్ని గంటలు అలాగే ఉంచి తీయండి. ట్యూన్ చేసి ఒకట్రెండు రోజులు నెక్‌ని కుదురుకోనివ్వండి, ప్రయాణంలో తేమ మారి రిలీఫ్ కదిలి ఉంటుంది, ఆ తర్వాతే కొలతలు తీయండి. ఇదంతా రిటర్న్ గడువులోపే అయిపోవాలి, కావిటీ మూత తీసినా, ట్రస్ రాడ్ తిప్పినా రిటర్న్ తీసుకుంటారా అన్నది కొనకముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.